చింతగింజల లెక్క

(లంక గ్రామాల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ఏఎన్‌ఎంగా పనిచేసిన నర్సమ్మగారి స్మృతిలో ఒక విశ్రాంత ప్రసూతి వైద్యురాలు చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసాలు నేను చాలా విన్నాను. మొదటి పావుగంట పోయినవారి గుణగణాలు, మిగతా ముప్పావుగంట ఉపన్యాసకుడి గుణగణాలు. నర్సమ్మగారికి ఆ పద్ధతి నప్పదు. ఆవిడ అసలు పేరే చాలామందికి తెలియదు. పెన్షన్ కాగితాల మీద ఆ పేరు చూసి పోస్టుమాను "ఈవిడెవరండీ?" అని ఆవిడనే అడిగాడట. కాబట్టి నేనూ ఇవాళ నర్సమ్మగారనే అంటాను. మాట్లాడమని పిలిచినప్పుడు, దేని మీద మాట్లాడమంటావని వాళ్ళ పెద్దమ్మాయిని అడిగాను. "మీ ఇష్టం డాక్టరమ్మ గారూ. అమ్మ చింతగింజల డబ్బా ఇంట్లో ఉంది, తెమ్మంటారా?" అంది. అదిగో, బల్లమీద పెట్టింది. మూత తుప్పుపట్టిన పాలపొడి డబ్బా. నేను మాట్లాడబోయేది దాని గురించే.

అందులో ఉన్నవి ఉత్త చింతగింజలు. ఎన్ని చేతులు మారాయో, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. ఏడో నెల దాటిన ప్రతి గర్భిణికీ ఐరన్ మాత్రలతోపాటు ఆవిడ పది గింజలు ఇచ్చేవారు. వామనగుంటలు ఆడిన చేతులు కదా, ఎవరికీ వింతగా తోచలేదు. "బిడ్డ కదలికలో తేడా ఉందనిపించిందా, ఎడమ పక్కకి తిరిగి పడుకో. రెండు గిన్నెలు పెట్టుకో. కదిలినప్పుడల్లా ఒక గింజ ఇందులోంచి తీసి అందులో వెయ్యి. తన్నినా ఒకటే, పొర్లినా ఒకటే. ఎక్కిళ్ళు లెక్కలోకి రావు. రెండు గంటల్లో పది పూర్తికాలేదా, గిన్నెలతో సహా నా దగ్గరికి రా. నేను కేంపుకెళ్తే నాకోసం కూచోకు, పంటెక్కెయ్." పాఠమంతా ఇంతే. అసలేమీ కదలకపోతే లెక్కా వద్దు, గిన్నెలూ వద్దు, ఉన్నపళాన బయల్దేరమనేవారు.

ఈ లెక్క ఆవిడ సొంతం కాదు. వేల్స్ దేశంలో, కార్డిఫ్‌లో, పియర్సన్, వీవర్ అనే ఇద్దరు డాక్టర్లు 1976లో దీన్ని ప్రచురించారు. పగలు పన్నెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే కబురు చెయ్యాలన్నది వాళ్ళ నియమం. నర్సమ్మగారూ మొదట్లో పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా లెక్కపెట్టమనేవారు. పన్నెండు గంటలు మరీ ఎక్కువని, పనులు మానుకుని పడుకుని మనసుపెట్టి చూస్తే రెండు గంటలు చాలని తర్వాత తేలింది. ట్రైనింగులో మేం చెప్పిన రోజునే ఆవిడ మార్చేశారు. బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2011లో ఇచ్చిన మార్గదర్శకంలోనూ 28 వారాలు దాటాక అనుమానం వస్తే చెయ్యమన్నది ఇదే. గింజలు మాత్రం ఆవిడవే. కాగితం మీద గీతలు పెట్టిస్తే సరిపోదా అని ఒకసారి అడిగాను. "కాగితం పెట్లోకి పోతుందండి. గిన్నె నట్టింట్లో ఉంటుంది. లెక్క కళ్ళెదుట ఉంటే పిల్ల మాట నిలబడుద్దండి," అన్నారు.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదటి కాన్పు పిల్ల ఇంట్లో అందరికంటే చిన్నది. "బిడ్డ కదలట్లేదు అత్తయ్యా" అంటే ఏ జవాబు వస్తుందో మీకందరికీ తెలుసు. నిద్రపోతోందేమో. చల్లటి నీళ్ళు తాగు. పంచదార వేసుకుని పాలు తాగు. నెలలు నిండాయి కదా, చోటు చాలక కదలదు. నేనూ కన్నాను, నాకు తెలీదా? ఇక మామగారి ముందు కదలికలూ తన్నులూ అంటూ నోరు విప్పగలిగే పిల్లలు ఆ రోజుల్లో ఎందరు? కానీ గిన్నె చూపించగలదు. "ఇందులో ఇంకా ఆరున్నాయండి" అనగలదు. మామగారికీ లెక్క వచ్చు.

ఒకింట్లో అత్తగారు నర్సమ్మగారిని దబాయించడం నా చెవులతో విన్నాను. "ఏడుగుర్ని కన్నాను. ఏ గింజలు లెక్కపెట్టానమ్మా?" నర్సమ్మగారు బీపీ పట్టీ చుడుతూ, తలెత్తకుండా, "ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగారు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అయిదుగురు," అని లోపలికెళ్ళి కోడలి చీరలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది.

అసలు కదలిక తగ్గితే ఏమవుతుంది? ముందు మామూలు తీరు చెబుతాను. తొలిచూలు తల్లికి పద్దెనిమిది, ఇరవై వారాల దగ్గర బిడ్డ మెదలడం మొదటిసారి తెలుస్తుంది. మలిచూలు తల్లి రెండు వారాలు ముందే పసిగడుతుంది. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే చూపించుకోవాలి. 32 వారాల దాకా కదలికలు పెరుగుతూ పోయి, అక్కణ్ణించి నొప్పులు వచ్చేదాకా ఇంచుమించు అదే స్థాయిలో ఉంటాయి. చోటు చాలక బిడ్డ కదలదన్నది వట్టి మాట. ఇరుకైతే తన్ను కాస్తా పొర్లుగా మారుతుంది, అంతేగానీ ఆగిపోదు. బిడ్డకి నిద్రా ఉంది. అది ఇరవై నిమిషాలో నలభై నిమిషాలో ఉంటుంది, గంటన్నర దాటడం అరుదు. రెండు గంటల గడువు పెట్టింది అందుకే.

చేతిలో డబ్బు ఆడనప్పుడు ఇల్లాలు ఏం చేస్తుంది? ముందు చీర కొనడం మానేస్తుంది, తర్వాత పిండివంట మానేస్తుంది, బియ్యం మాత్రం ఆఖరిదాకా తెస్తుంది. మాయలోంచి వచ్చే ఆక్సిజన్ తగ్గినప్పుడు బిడ్డా అదే చేస్తుంది. గుండెకీ మెదడుకీ దాచుకుని కాళ్ళూ చేతుల ఖర్చు తగ్గిస్తుంది. కదలిక తగ్గడమంటే కొన్నిసార్లు ఆ పొదుపే. తల్లికి బీపీ ఉన్నా, షుగరున్నా, బిడ్డ ఎదుగుదల మందగించినా ఈ పొదుపు అవసరం ఎక్కువ. పొదుపు ఎన్నాళ్ళు సాగుతుందన్నది ఒక్కో బిడ్డకి ఒక్కోలా ఉంటుంది. కొందరికి వారాలు, కొందరికి గంటలు.

బ్రిటన్ మార్గదర్శకంలో రెండు అంకెలున్నాయి. కడుపులో బిడ్డని పోగొట్టుకున్న తల్లుల్లో 55 శాతం మంది ఆ సంగతి బయటపడక ముందే కదలిక తగ్గిందని గమనించారు. ఇక కదలిక తగ్గిందని ఒకసారి వచ్చిన తల్లుల్లో 70 శాతం మందికి ఏ ఇబ్బందీ లేకుండా గర్భం నిండింది. మా వృత్తిలో చాలామంది రెండో అంకె పట్టుకుని నిశ్చింతగా ఉంటారు. నేనూ కొన్నాళ్ళు అలాగే ఉన్నాను. నర్సమ్మగారికి ఏ అంకే తెలియదు గానీ మొదటి అంకె మీదే పనిచేశారు.

ఇక్కడ చిన్న పిట్టకథ. స్టెతస్కోపు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1821 ప్రాంతంలో, పారిస్‌లో కెర్గరాడెక్ అనే వైద్యుడు గర్భిణి పొట్టమీద దాన్ని ఆనించాడు. ఆయన వెతికింది బిడ్డ గుండె కోసం కాదు, బిడ్డ కదిలితే ఉమ్మనీరు చప్పుడు వినపడుతుందేమోనని. నీటి చప్పుడు వినబోతే గుండె చప్పుడు వినపడింది. అప్పటినుంచి రెండు శతాబ్దాలు మేమందరం గుండె వెంట పడ్డాం, కదలికని తల్లికి వదిలేశాం. వదిలేసి ఊరుకున్నా బాగుండేది. ఆవిడ చెప్పినప్పుడు నమ్మడం కూడా మానేశాం.

ఈ లెక్కతో బిడ్డలు బతికారా అని గిట్టనివాళ్ళు అడుగుతారు. అడగాలి కూడా. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధనలో 68 వేల మంది గర్భిణుల్ని రెండు భాగాలు చేశారు. ఒక భాగం రోజూ లెక్క రాశారు, రెండోవాళ్ళు రాయలేదు. మరణాల్లో తేడా రాలేదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 33 ఆసుపత్రుల్లో, నాలుగు లక్షలకు పైగా గర్భాల మీద చేసిన ఇంకొకటి 2018లో వచ్చింది. తల్లులకు అవగాహన కల్పించి, వచ్చినవాళ్ళని ఒక పద్ధతిగా చూశారు. మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. నార్వేలో 2009లో ప్రచురించిన ఫలితం వేరు. తల్లులకి కరపత్రం, డాక్టర్లకి ఒక పద్ధతి ఇచ్చాక, కదలిక తగ్గిందని వచ్చినవాళ్ళలో బిడ్డని పోగొట్టుకున్నవారు నూటికి 4.2 నుంచి 2.4కి తగ్గారు.

ఈ మూడూ చదివి నేను తేల్చుకున్నది ఇది. అందరిచేతా రోజూ పద్దు రాయించక్కర్లేదు. పది అన్న అంకె దైవవాక్కు కాదు. ఒక బిడ్డ గంటకి ఇరవైసార్లు కదులుతుంది, దానికి పదికి పడిపోవడమే ప్రమాదం. తల్లికి అలవాటైన తీరు మారిందా అన్నదే ప్రశ్న. మారిందని ఆవిడకి గట్టిగా తెలిస్తే రెండు గంటలు పడుకోవడం కూడా దండగ, బయల్దేరాలి. గింజలు అనుమానం తీర్చుకోవడానికి. ఇక ఆ పరిశోధనలు జరిగిన ఊళ్ళలో ఫోను చేస్తే మిడ్‌వైఫ్ పలుకుతుంది. మా లంకల్లో అంతకు ముందే ఒక పెద్ద గడప దాటాల్సి ఉంది.

1987 వానాకాలం. నేను ప్రసూతి వైద్యంలో డిప్లొమా, డీజీఓ, పూర్తిచేసి కొత్తగా చేరిన ఆసుపత్రి. రాత్రి పదిన్నరకి ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి, తొలిచూలు, 36 వారాలు. వెంట మొగుడూ తల్లీ. పంటు ఆగిపోతే నావ మాట్లాడుకుని ఏరు దాటారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "నొప్పులు రాలేదుగా, పొద్దున్న ఓపీకి రండి." అరగంట బతిమాలి, ఆఖరికి తల్లి కేకలేస్తే వదిలాడు. ఆ పిల్ల కొంగుముడి విప్పి నా బల్లమీద రెండు కుప్పలు పెట్టింది. ఒక పక్క నాలుగు, ఒక పక్క ఆరు. "నాలుగేనండి," అంది.

నేను గింజల వంక చూడలేదు. ఫీటోస్కోపు పెట్టాను. తల్లి నాడిని బిడ్డ గుండె అనుకోకుండా మణికట్టు పట్టుకుని మరీ విన్నాను. నిమిషానికి 140, గడియారం కొట్టినట్టు. బీపీ 140/90. "కొంచెం ఎక్కువుంది, ఉప్పు తగ్గించు. బిడ్డ గుండె బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది, భయం లేదు, వెళ్ళిరండి," అన్నాను. టేపు పెట్టి పొట్ట కొలవలేదు. కొలిస్తే నెలలకి తగ్గట్టు లేదని తెలిసేది.

మూడోరోజు మళ్ళీ వచ్చారు. ఈసారి వాచ్‌మన్ ఆపలేదు. నాకు గుండె వినపడలేదు. ఆడపిల్ల, కిలో తొమ్మిది వందలు.

గుండె వినపడిందంటే బిడ్డ ఆ నిమిషాన బతికుందని అర్థం, బాగుందని కాదు. గడియారంలా కొట్టుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతీ కాదు. కుదురుగా ఉన్న బిడ్డ గుండె 110కీ 160కీ మధ్య ఆడుతూ ఉంటుంది. బిడ్డ కదిలినప్పుడు గుండె కాస్త పరుగెత్తి మళ్ళీ సర్దుకుంటుంది. అది చూడ్డానికే సీటీజీ. పొట్టకి రెండు బెల్టులు కట్టి, తక్కువలో తక్కువ ఇరవై నిమిషాలు కాగితం మీద గీత చూస్తారు. ఆ రోజు మాకు ఆ యంత్రం లేదు. లేకపోతే మాత్రం మంచం లేదా? ఆ పిల్లని పడుకోబెట్టి, బీపీ మళ్ళీ చూసి, తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉండొచ్చు, పెద్దాసుపత్రికి పంపొచ్చు. ఇవాళ కొందరు గుండె చప్పుడు వినే చిన్న డాప్లర్ యంత్రాలు కొనుక్కుని ఇంట్లో పెట్టుకుంటున్నారు. నేను ఆ రాత్రి చేసిన పొరపాటు ఇప్పుడు ఇంటింటికీ అమ్ముతున్నారన్నమాట. దయచేసి కొనకండి.

వారం తర్వాత నర్సమ్మగారు వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. "ఆ పిల్ల గింజలు మీ బల్లమీద వదిలేసిందటండి, ఇప్పిస్తారా?" అన్నారు. ఊడ్చేశారని చెప్పాను. "ఆయ్, పర్లేదండి," అని వెళ్ళిపోయారు.

ఆ బిడ్డ పుట్టుకని ఆవిడ తన రిజిస్టర్లో రాశారు. ఎందుకమ్మా, మళ్ళీ ఏడుస్తారని పక్కవాళ్ళు వారించారట. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో జననమంటే ప్రాణంతో పుట్టినా, ప్రాణం లేకుండా పుట్టినా జననమే. చట్టం తెలిసి రాశారో లేదో గానీ, ఆడ, తేదీ, బరువు, తల్లి పేరు అన్నీ ఉన్నాయి. ఆ పిల్ల మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు నాలుగుసార్లు రాత్రిపూట వచ్చింది. నాలుగుసార్లూ ఏమీ లేదు. నాలుగుసార్లూ పడుకోబెట్టి చూసి పంపాం. నెలలు నిండి మామూలు కాన్పు అయింది. రెండోసారి వచ్చినప్పుడు "మళ్ళీ వచ్చావా?" అని ఒక సిస్టరు నవ్వబోతే నేను కసిరాను. ఒకసారి బాగుందన్నాం కదా అని రెండోసారి రావడానికి మొహమాటపడే తల్లులున్నారు. అలా రెండోసారి, మూడోసారి కదలిక తగ్గిందని వచ్చేవాళ్ళనే మరింత జాగ్రత్తగా చూడాలి. స్కానింగులో ఎదుగుదలా ఉమ్మనీరూ చూడాలి. నెలలు నిండితే కాన్పు చేసెయ్యడం గురించి ఆలోచించాలి.

ప్రపంచం లెక్క ఒక్కటే చెబుతాను. 2021లో 28 వారాలు దాటాక ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డలు దాదాపు 19 లక్షలు. దేశాలవారీగా చూస్తే సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ మన దేశంలోనే. వీళ్ళలో నలభై శాతానికి పైగా నొప్పుల సమయంలో పోయినవాళ్ళు, వాళ్ళకి కావలసింది కాన్పు గదిలో మంచి చేతులు. మిగిలినవాళ్ళలో చాలామంది విషయంలో కబురు ముందే వస్తుంది, తల్లి పొట్టలోంచే. 2014లో మన కేంద్ర ప్రభుత్వం 2030 నాటికి ఈ మరణాల్ని వెయ్యికి పదిలోపు తెస్తామని లక్ష్యం పెట్టుకుంది.

థాడ్యూస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో ప్రసూతి మరణాల మీద రాస్తూ మూడు ఆలస్యాలని చెప్పారు. వెళ్దామని నిర్ణయించుకోవడంలో ఒకటి, చేరడంలో ఒకటి, చేరాక చూడ్డంలో ఒకటి. మన ప్రాంతంలో రెండోది బాగా తగ్గింది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైంది. మొదటిది ఇంకా అక్కడే ఉంది. ఇవాళ అమావాస్య, రేపు తీసుకెళ్దాం. మంగళవారం గడప దాటించం. అల్లుడు డ్యూటీనుంచి రానీ. తెల్లారనీ. పుట్టింట్లో ఉంటే "అత్తారింటివాళ్ళకి చెప్పకుండా ఎలా?", అత్తారింట్లో ఉంటే "పుట్టింటివాళ్ళు రానీ". హైదరాబాదులో ఫ్లాటులో ఉన్న పిల్లకి అత్తగారి బదులు ఫోనులో వెతుకులాట. అమెరికాలో ఉన్న పిల్లకి అమ్మ వీడియో కాల్లో చల్లటి నీళ్ళ సలహా. చల్లటి నీళ్ళతోనూ తీపితోనూ బిడ్డ క్షేమం తేలుతుందనడానికి ఆధారమేమీ లేదు. మాయ ముందువైపు ఉంటే కదలిక తక్కువ తెలియవచ్చు, బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గవచ్చు. అవునా కాదా అన్నది ఆసుపత్రిలో తేల్చాలి, వంటింట్లో కాదు.

మూడో ఆలస్యం మాది. దాని గురించి మాట్లాడే హక్కు ఆ రాత్రి తర్వాత నాకుందో లేదో తెలియదు గానీ, మాట్లాడతాను. ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంటుగారు ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, మీ దగ్గర సీటీజీ యంత్రాలున్నాయి, స్కానింగుంది, రాత్రిపూట డ్యూటీ డాక్టరున్నారు, సంతోషం. కానీ రాత్రి పదిన్నరకి వచ్చిన పిల్లని మొదట చూసేది డాక్టరు కాదు, గేటు దగ్గర వాచ్‌మన్. రేపు డ్యూటీ మారేలోగా ఆయనకి ఒక్క సంగతి చెప్పండి. కదలిక తగ్గిందని ఎవరొచ్చినా, నొప్పులున్నా లేకపోయినా, ఓపీ టైముకి రమ్మనకుండా నేరుగా లేబర్ రూముకి పంపమనండి.